నవల చదివినాకే ఆయన్ని అడగగలిగినాను

ఆ పొద్దు నేను కుడతా ఉండింది ఒక పెళ్ళికూతురి రవిక. గులాబీ రంగు పట్టు. పుంగనూరులో మా ఇంటి ముందరి గదిలో మిషను పెట్టుకొని కుట్టేదాన్ని. రవికకు చేతులు అతికిస్తా ఉంటే బట్ట మీద ఎర్రగా ఒక చుక్క కనిపించింది. తాంబూలం మరకేమో అనుకొన్నాను. పక్కనే ఇంకో చుక్క పడింది. అప్పుడు చూసినాను, నా ఎడమచేతి చిటికెనవేలు నుంచి నెత్తురు కారతా ఉంది. సూది ఎప్పుడో దిగి పైకి లేచిపోయింది. నాకు తెలియనే లేదు.

నొప్పి లేనందుకు భయం వెయ్యాల్సింది. నాకు మాత్రం పట్టుబట్ట పాడయిందే అని భయమేసింది. పిండి రాసి, చన్నీళ్ళతో తుడిచి మరక పోగొట్టినాను. వేలికి గుడ్డ చుట్టుకొని మళ్ళీ కుట్టుకు కూర్చున్నాను.

అప్పటికి నా వయసు ముప్పై ఒకటి. తొంభైల నడిమి సంవత్సరాలు. మా ఆయన బజారువీధిలో ఒక బట్టల అంగడిలో పనిచేసేవాడు. మా ఒక్కతే బిడ్డ లత నాలుగో తరగతి. మా అత్త మాతోనే ఉండేది. నా మోచేతికి పైన పాలిపోయిన మచ్చ ఒకటి రెండేండ్లుగా ఉండింది. దురద లేదు, నొప్పి లేదు. ఎండకు వచ్చిందిలే అనుకొన్నాను.

సూది దిగిన రెండు నెలలకు అదే వేలు దోసెల పెనానికి తగిలి కాలింది. బొబ్బలేచి చితికి పుండయింది. మా ఆయన అన్నం తింటా చూసినాడు.

"అంత పుండు పెట్టుకొని ఊరికే ఉండావే, నొప్పి లేదా?"

"లేదండి."

ఆయన తినడం ఆపేసినాడు. మరుసటి రోజు అంగడికి సెలవు చెప్పి నన్ను మదనపల్లెకు, చర్మం డాక్టరు దగ్గరికి పిలుచుకొని పోయినాడు.

డాక్టరు నన్ను కండ్లు మూసుకోమని, దూది తాకినప్పుడల్లా అక్కడ వేలు పెట్టి చూపించమన్నాడు. కుడిచేయి, మెడ, చెంప చూపించినాను. తర్వాత చాలాసేపు ఆయన ఏమీ చెయ్యకుండా కూర్చున్నాడు అనుకొన్నాను. కండ్లు తెరిచి చూస్తే మా ఆయన మొహం తెల్లగా పాలిపోయి ఉంది. అంతసేపూ డాక్టరు నా మచ్చ మీద, ఎడమచేతి చివరి రెండు వేళ్ళ మీద దూది తాకిస్తానే ఉన్నాడంట. మోచేతి వెనక నరం నొక్కి చూసి, "అల్నార్ నర్వ్ థిక్ అయింది, ఈ నరం లావెక్కింది" అన్నాడు. చెవి తమ్మె దగ్గర సన్నగా కోసి పరీక్షకు స్కిన్ స్మియర్ తీసినారు.

"చూడమ్మా, ఇది లెప్రసీ. భయపడొద్దు. ఎం.డి.టి. అని మందుంది, రెండేళ్ళు వాడాలి. మొదటి డోసు మింగినాక నీ నుంచి ఇంకొకరికి అంటదు. నయమైపోతుంది."

నాకు మొదటి వాక్యమే వినిపించింది. మా పక్క ఆ జబ్బును పెద్దరోగం అంటారు. పేరు పెట్టి పలకరు.

తిరుగుబస్సులో మా ఆయన నా పక్కనే కూర్చున్నాడు. నేను కిటికీలోంచి టమోటా తోటలు చూస్తా వచ్చినాను. ఏడుపు వస్తుందేమో అని కాచుకొన్నాను. రాలేదు. ఇంటికొచ్చి అన్నం వండినాను.

అత్తకు చర్మం జబ్బు అని మాత్రం చెప్పినాము. నెలకొకసారి డాక్టరు ముందరే మింగాల్సిన మందుకు ఒంటేలు ఎర్రగా వచ్చేది. రోజూ వేసుకొనే క్యాప్సూల్‌కు ఒళ్ళు నల్లబడింది. మూడో నెలకు మొహం మాడిన పెనం మాదిరి అయింది. ఇక దాచేదానికి కుదరలేదు.

"ఏ జన్మలో ఏం పాపం సేసినావో" అనింది అత్త. తిట్టినట్టు కాదు, లెక్కలో తప్పు దొరికినట్టు అనింది. ఆ సాయంత్రం నుంచి నా కంచం, లోటా వేరు. నా పడక ముందరి గదిలో మిషను పక్కకు మారింది. లతను నా దగ్గర పండుకోనీయలేదు. మా ఆయన అన్నీ చూసినాడు. చూసి, చెప్పులేసుకొని అంగడికి పోయినాడు.

డాక్టరు అంటదని చెప్పినాడు కదా అని నేను రెండుసార్లు చెప్పినాను. ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆలోచిస్తే వాళ్ళ తప్పు మాత్రమే కాదు. ఆ జబ్బు గురించి మా ఇంట్లో అందరికీ తెలిసిందంతా నాటకాల్లో చూసిందే. నాటకంలో పరాయి ఆడదాన్ని చెరబట్టినోనికి చివర్లో ఆ రోగం వస్తుంది. ఒళ్ళంతా గుడ్డలు చుట్టుకొని పాక్కుంటా వస్తాడు. చిన్నప్పుడు సదుం ఊర్లో మా అవ్వ ఒళ్ళో కూర్చొని అది చూసి నేనూ చప్పట్లు కొట్టినాను. కథ అంటే నాకు తెలిసింది అదే.

ఆరో నెలలో రియాక్షన్ వచ్చింది. మచ్చ ఎర్రగా ఉబ్బింది. మోచేతిలో నొప్పి మొదలైంది. అన్నాళ్ళు నొప్పి తెలియని చెయ్యి అది. వారం తిరగకముందే చిటికెనవేలు, ఉంగరం వేలు లోపలికి ముడుచుకొన్నాయి. బట్ట పట్టుకొంటే జారిపోయేది. మదనపల్లె డాక్టరు చూసి గట్టిగానే అన్నాడు.

"టైప్ వన్ రియాక్షన్. జబ్బు పెరగడం కాదు ఇది, ఒంట్లో చచ్చిన క్రిముల మీద ఒళ్ళే తిరగబడుతోంది. స్టెరాయిడ్స్ వెంటనే మొదలుపెట్టాలి. లేకపోతే నర్వ్ పోతుంది. కుప్పంలో అడ్మిట్ అవండి."

పలమనేరు మీదుగా బస్సులో మా ఆయనే పిలుచుకొని పోయినాడు. ఊరికి కొంచెం ఎడంగా ఉండే ఆస్పత్రి అది. ఈ జబ్బుకు వేరే వార్డు ఉండింది. నా సంచి మంచం కింద పెట్టి, "వచ్చే ఆదివారం వస్తాను" అన్నాడు.

ఆ ఆదివారం రాలేదు. తర్వాతి ఆదివారమూ రాలేదు. మూడో వారం ఒక కార్డు వచ్చింది. "ఇక్కడ అందరూ క్షేమం. లత బడికి పోతాండాది." అంతే. నేను ఆ కార్డును దిండు కింద పెట్టుకొని మళ్ళీ చదవలేదు. ఆయన మనసు నాకు తెలిసిపోయింది అనుకొన్నాను. నన్ను ఈడ పారేసి పోయినాడు. ఇక రాడు. అట్లా అనుకొన్నాక ఎదురుచూసే పని కూడా లేకుండా పోయింది. పొద్దున మాత్రలు, తర్వాత కరిగిన మైనంలో చెయ్యి ముంచే వైద్యం, వేళ్ళకు పట్టీ. మధ్యాహ్నం గోడ చూసుకొని పండుకొనేదాన్ని. బాధగా ఉందా అని సిస్టరమ్మ అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు. బాధ కూడా లేదు.

నా పక్క మంచం రుక్మిణమ్మది. పలమనేరు పక్క పల్లెలో టీచరుగా చేసి రిటైరైన ఆమె. చిన్నప్పుడు వచ్చిన జబ్బు, మందులు లేని కాలం. రెండు చేతుల వేళ్ళూ సగానికి పోయినాయి. కండ్లు సరిగ్గా మూతపడక చూపు మసకబారింది. మంచం కింద ఒక రేకుపెట్టె, దాన్నిండా నవలలు.

"నీకు సదువొచ్చునా?" అని అడిగింది ఒక మధ్యాహ్నం.

"టెన్త్ దాకా సదివినాను టీచరమ్మా."

"అయితే ఒకటి తీసి సదివి పెట్టు. నాకు కాగితం తిప్పేదానికి వేళ్ళు లేవు, సూసేదానికి కండ్లు లేవు."

"కథలు సదివితే ఏం లాభం? అన్నీ అబద్ధాలే కదా."

ఆమె వాదించలేదు. "లాభం లేదులేమ్మా. పొద్దు పోవాల కదా, సదువు."

మొదట ఒక హాస్యం నవల చదివినాను. ఎవరూ నవ్వలేదు. నేను బండరాయి మాదిరి చదువుతాండానని రుక్మిణమ్మ అనింది. రెండోది అట్ట చినిగిన పుస్తకం. పేరు పేజీ కూడా లేదు. అందులో ఒక నేతగాడు. పెండ్లాముకు క్షయ వస్తుంది. వాడు ఇంటి వెనక గుడిసె వేసి ఆమెను అందులో ఉంచుతాడు. కూడు గడప అవతల పెట్టి పోతాడు. లోపలికి అడుగు పెట్టడు. ఆమె లోపల నుంచి పిలుస్తుంది. వాడు మగ్గం దగ్గర కూర్చొని పలకడు.

వార్డులో మిగతావాళ్ళు కూడా మంచాలు దగ్గరికి జరుపుకొన్నారు. రామసముద్రం నుంచి వచ్చిన ఒకామె నేను గుక్క తిప్పుకొన్నప్పుడల్లా "వాని నోట్లో మన్నుపడ" అని తిట్టేది. నేను నోరు తెరిచి తిట్టలేదు గానీ ఆ నేతగానికి మా ఆయన మొహం పెట్టుకొనే చదివినాను. నాలుగు రోజులు అట్లే చదివినాను. గొంతు గట్టిపడిందని రుక్మిణమ్మ మెచ్చుకొనింది.

పుస్తకం సగంలో కథ ఆ నేతగాని పక్కకు తిరిగింది. వాడు చిన్నపిల్లోడుగా ఉన్నప్పుడు ఊర్లో కలరా వస్తుంది. చెల్లెండ్లు ఇద్దరికీ వాడే నీళ్ళు తాపుతాడు. ఇద్దరూ వారంలో పోతారు. నీ చేతి నీళ్ళు తాగే పోయినారని ఎవరో అంటారు. ఆ మాట వానిలో ఉండిపోతుంది. గుడిసెలోకి పోతే జబ్బు తనకు అంటుతుందని కాదు వాని భయం. తను తాకితే ఆమె చచ్చిపోతుందని. అందుకే కూడు గడప అవతల పెట్టి, ఆమె తిన్న చప్పుడు వినిపించేదాకా గోడకానుకొని నిలబడతాడు. ఆ సంగతి ఆమెకు తెలియదు. వాడు చెప్పడు.

నేను చదవడం ఆపేసినాను.

"యాల నిలిపినావు?" అనింది రుక్మిణమ్మ.

"టీచరమ్మా, వీడు మంచోడా, చెడ్డోడా?"

"అది నన్నడిగితే ఎట్లమ్మా. వాని లోపల ఏముండాదో రాసినాయన చూపించినాడు, అంతే."

"ఆమె ఒక్క మాట అడిగింటే చెప్పేవాడేమో."

"అడగలేదు కదా. రాడు, పలకడు, అంటే అసహ్యమే అనుకొనింది."

రామసముద్రం ఆమె తిట్టడం మానేసి, "పాపం రా నాయనా" అని ముక్కు చీదింది. నేను పుస్తకం మూసి పక్కన పెట్టినాను. ఆ మిగతా పొద్దంతా నాకు ఒకటే ఆలోచన. మా ఆయన గురించి నేనూ ఒక కథ అల్లుకొని కూర్చున్నాను. అందులో ఆయన మనసులో మాటలన్నీ నేనే రాసినాను. ఆయన చేత ఒక్క మాటా పలికించలేదు. ఆయన కూడా ఆ నేతగాని మాదిరే అని నాకు నమ్మకం కలగలేదు. చిన్నప్పుడు ఆయన చెల్లెండ్లు ఎవరూ పోలేదు. తెలియదు అని మాత్రం అర్థమైంది. పన్నెండేండ్లు కాపురం చేసిన మనిషి లోపల ఏముందో నాకు తెలియదు, అడగలేదు.

మరుసటి రోజు ఉత్తరం రాసినాను. "మీరు యాల రాలేదో నాకు తెలియదు. నేను అనుకొన్నది నిజం కాకపోవచ్చు. ఏముండినా ఒకసారి వచ్చి చెప్పండి. నేను తిట్టను, ఏడవను." ఏడవను అని రాసేదానికి నాకు కష్టం కాలేదు.

అయిదో రోజు వచ్చినాడు. గడ్డం పెరిగి ఉంది. మందులిచ్చే గది పక్కన సిమెంటు బెంచీ మీద కూర్చున్నాము. మా నడుమ ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలినాడు.

"నన్ను సూస్తే అసహ్యమా?" అని అడిగినాను.

"అసహ్యం కాదు. భయముండేది. ఇప్పుడూ కొంచెం ఉండాది. అబద్ధం సెప్పను."

"అందుకేనా రాలేదు?"

తలకాయ అడ్డంగా ఊపినాడు.

"బిడ్డ వీపు మీద మచ్చ ఉండాది ఇంద్రాణీ."

"యాడ?"

"కుడి రెక్క కింద. నిన్ను ఈడ విడిచిపెట్టి పోయిన రెండో దినం నీళ్ళు పోస్తా సూసినాను. రూపాయి బిళ్ళంత ఉండాది."

"అత్తకు సెప్పినారా?"

"సెప్తే బిడ్డను గూడా ముందరి గదిలో ఏస్తాది. బడికి పంపదు. నేనే నీళ్ళు పోస్తాండాను, ఎవురికీ కనపడకుండా. ఈడికి వస్తే డాక్టరు ఇంట్లోవాళ్ళనంతా పిలుసుకొని రమ్మంటాడు. ఎట్ల దాచేది? రాకుండా ఉంటే ఆ మచ్చ లేనట్టే అని ఉండిపోయినాను."

ఆయన నేతగాడు కాదు. పుస్తకంలో ఉన్నదేదీ ఆయనలో లేదు. ఆయన కథ వేరే. కానీ ఆ పుస్తకం చదవకపోతే నేను ఆ ఉత్తరం రాసేదాన్ని కాదు, ఆయన ఆ బెంచీ మీద కూర్చొనేవాడు కాదు, ఆ మచ్చ ఇంకెన్నాళ్ళు పరికిణీ రవిక కింద పెరిగేదో.

"రేపే బిడ్డను పిలుసుకొని రాండి" అన్నాను.

"అమ్మకు ఏం సెప్పేది?"

"నన్ను సూసేదానికి అని సెప్పండి. నిజమే కదా."

ఆయన అప్పుడు నా ముడుచుకొన్న వేళ్ళ కేసి చూసినాడు. పట్టుకోలేదు. "బిడ్డ చెయ్యి గూడా ఇట్లవుతాదా?" అని అడిగినాడు.

లతను తెచ్చినాడు. పెద్దడాక్టరు దాని వీపు మీద దూది తాకించి, తెలిసినప్పుడల్లా ఒకటి, రెండు అని లెక్క చెప్పమన్నాడు. అయిదు దాకా చెప్పింది. మచ్చ మీద పెట్టినప్పుడు ఊరికే ఉండింది. ఆట మధ్యలో ఆగిపోయినట్టు మా ఇద్దరి మొహాలు చూసింది.

"ఒకటే ప్యాచ్" అన్నాడు డాక్టరు. "నర్వ్స్ అన్నీ బాగున్నాయి. ఆరు నెలల కోర్సు చాలు. ఏమీ మిగలదు. ఇంకో ఏడాది దాచి ఉంటే నేనీ మాట చెప్పేవాణ్ణి కాదు."

మా ఆయన గోడ పక్కకు తిరిగి నిలబడినాడు. లత నా దగ్గరికి వచ్చి, "అమ్మా, నేనూ నీ మాదిరి నల్లగా అయిపోతానా?" అని అడిగింది. దాని మందులో ఆ క్యాప్సూల్ లేదని సిస్టరమ్మ చెప్పింది. నేను బిడ్డ తల నిమిరినాను. కుడిచేత్తో నిమిరినాను కాబట్టి జుట్టు మెత్తగా తెలిసింది. ఏడుపు అప్పుడూ రాలేదు.

రెండు నెలలకు డిశ్చార్జి చేసినారు. స్టెరాయిడ్స్ నెల నెలా తగ్గిస్తా వచ్చినారు. మొహం ఉబ్బింది, ఆకలి అగ్గి మాదిరి ఉండేది, చిన్న మాటకే కోపం వచ్చేది. ఉంగరం వేలు నిలబడింది. చిటికెనవేలు నిలబడలేదు. "నర్వ్ ఎంత తిరిగి రావాలో అంత వచ్చింది. ఇక మిగిలింది నువ్వు కాపాడుకోవాల్సిందే" అన్నాడు డాక్టరు.

ఇంటికి పోయినాక మా ఆయన నా మంచం లోపలికి మార్చినాడు. అత్తతో ఏమీ చెప్పలేదు, మంచం ఎత్తి పెట్టినాడు, అంతే. నా కంచం మాత్రం వేరుగానే ఉండిపోయింది. నాకు పుస్తకాల పిచ్చి పట్టుకొని ఉండింది కదా, అత్త లోపల కూడా ఏదో ఉంటుంది అనుకొని ఒకరోజు పక్కన కూర్చొని అడిగినాను. "నీకు ఎందుకంత భయం అత్తా? నీ చిన్నప్పుడు ఎవరికన్నా వచ్చిందా?" ఆమె చాటలో బియ్యం ఏరతా, "కూడు తిన్నావా? తిని పని సూసుకో పో" అనింది. చనిపోయేదాకా నా లోటా తాకలేదు. లత జబ్బు సంగతి ఆమెకు తెలియనే లేదు. అడిగితే అందరూ చెప్పరు. నవలలో అయితే చెప్పి ఉండేదేమో.

నెలకొకసారి చెకప్‌కు కుప్పం పోయినప్పుడు రుక్మిణమ్మకు ఒక్కో అధ్యాయం చదివి వచ్చేదాన్ని. ఆమెను చూసేదానికి ఎవరూ రారని తెలిసి, అది కూడా అడిగినాను. "నేనే రావద్దన్నానమ్మా. తమ్ముని కూతురికి సంబంధాలు చూస్తా ఉండిన కాలం అది. మళ్ళీ రమ్మని పిలిచేదానికి నోరు రాలేదు" అనింది. అడ్రసు చెప్పమని నేనే కార్డు రాసినాను. తమ్ముడు ఒకసారి వచ్చి పండ్లు ఇచ్చి పోయినాడంట. ఆమె దాని గురించి ఎక్కువ మాట్లాడలేదు. తర్వాతి సంవత్సరం ఆమె మంచం మీద వేరే ఎవరో ఉన్నారు.

ఇప్పుడు మేము మదనపల్లెలో ఉన్నాము. లత చదువు కోసం వచ్చినాము, ఇక్కడే ఉండిపోయినాము. అది ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ముగించి ఒక నర్సింగ్ హోములో పనిచేస్తా ఉంది. వీపు మీద ఎక్కడ మచ్చ ఉండిందో వెతికినా దొరకదు. నేను పట్టు రవికలు మానుకొని లంగాలు, దిండు గలీబులు కుడతాను. ఎడమచేతికి తోలు తొడుగు వేసుకొంటాను. వారానికి రెండు నవలలు లైబ్రరీ నుంచి తెచ్చుకొంటాను. వాటిలో సగం నాకేం పనికిరావు. ఇప్పటికీ పాపికి చివర్లో పెద్దరోగం తగిలించే కథలు కనపడతానే ఉంటాయి. అవి మధ్యలోనే మూసి తిరిగి ఇచ్చేస్తాను. కొన్నిట్లో మాత్రం నాకు నచ్చని మనిషి లోపలికి పోయి కొంచెంసేపు కూర్చొని వస్తాను. అక్కడ నుంచి చూస్తే మా వీధి వేరేగా కనిపిస్తుంది.

నా లోపల అప్పుడు మొద్దుబారింది పూర్తిగా విడిచిపోయిందని చెప్పలేను. అత్త పోయిన రోజు అందరూ ఏడుస్తా ఉంటే నేను వచ్చినవాళ్ళకు కాఫీ కలిపినాను. మా ఆయన వచ్చి పక్కన నిలబడి, "నీకేమనిపిస్తాండాది?" అని అడిగినాడు. నా లోపల ఏముందని ఆయనే అడగడం అది మొదటిసారి. "ఇంకా తెలియలేదు" అన్నాను. సరే అని గ్లాసులు అందిచ్చినాడు.

ఇది చదివేవాళ్ళకు ఒక్క మాట. పాలిపోయిన మచ్చ ఏదైనా కనపడితే, కండ్లు మూయించి దూదిపోగు తాకించి చూడండి. తెలియడం లేదంటే మరుసటి రోజే బస్సెక్కండి, మందు ఉచితంగానే ఇస్తారు. ఇంట్లో ఎవరన్నా ఆ బస్సెక్కకుండా ఆగిపోతే, ఎందుకు ఆగినారో తిట్టకుండా అడగండి.